ఆయన కుర్చీలో దూది

మా ఆయన నడుం వాల్చి పడుకుని రెండేళ్లు దాటింది. పడుకుంటే ఊపిరి ఆడదు. దిండ్లు మూడు పెట్టినా నాలుగు పెట్టినా కాసేపే. దిగ్గున లేచి కూర్చుని, నోరు తెరిచి గాలి కోసం తన్నుకుంటాడు. ఆదోనిలో జిన్నింగు మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. పత్తి గింజ నుంచి దూదిని వేరు చేసే మిషన్ల దగ్గర ఆయన డ్యూటీ. మధ్యాహ్నానికల్లా కనుబొమలు కూడా తెల్లబడేంత దుమ్ము అక్కడ. ఆ దుమ్మే ఛాతీలో పేరుకుపోయిందని కర్నూల్లో పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఎత్తిపట్టి చూపించాడు. "ఇది తగ్గేది కాదమ్మా. పెరగకుండా చూసుకోవడమే" అన్నాడు. 

కాబట్టి ఆయన నిద్రంతా కుర్చీలోనే. ఆ కుర్చీ కథ కూడా చెప్పాలి. మిల్లు మూసేసినప్పుడు ఆఫీసులోని సామాన్లన్నీ అయినకాడికి అమ్మేశారు. పనివాళ్లలో తెలివైనవాళ్లు ఫ్యాన్లు తెచ్చుకున్నారు, బీరువాలు తెచ్చుకున్నారు. ఈయన ఓనరు కూర్చునే కుర్చీ తెచ్చాడు. టేకుది, వెడల్పాటి చేతులు, తల ఆనేంత ఎత్తు వీపు. ఆటోలోంచి దించుతుంటే నాకు ఒళ్లు మండింది.

"ఇంట్లో మంచానికే తావు లేదు, ఈ ఏనుగును యాడ కట్టేస్తావప్పా?" అన్నాను.

"ముప్ఫై ఏండ్లు దీని ముందర నిలబడినా మే. ఇంగ కూసుంటా" అన్నాడు.

అప్పుడు వీధి వీధంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ కుర్చీ లేకపోతే ఆయన ఈపాటికి ఉండేవాడు కాదని తర్వాత తెలిసొచ్చింది. వీపు కాస్త వెనక్కి వాలి ఉంటుంది గనుక అందులో కూర్చుంటే ఛాతీ తెరుచుకుని, ఊపిరి కొంత తేలిగ్గా అందుతుంది. ఇంట్లో ఇంకే కుర్చీలోనూ, ఏ మంచం మీదా ఆయనకు పావుగంట కునుకు పట్టదు.

పోయిన ఏడాది వానాకాలం పోయేసరికి ఆ కుర్చీ కూలబడింది. పైన రెగ్జిను పగిలి పెచ్చులు లేచింది. లోపల కొబ్బరి పీచు పొడి పొడిగా రాలుతోంది. ఒక స్ప్రింగు పైకి లేచి ఆయన తుంటి దగ్గర పొడుచుకునేది. దుప్పట్లు మడిచి వేశాను, దిండు వేశాను. మెత్తగా ఉంటే జారిపోతాడు, గట్టిగా ఉంటే ఒరుసుకుపోతుంది. ఒకరోజు ఒళ్లు తుడుస్తుంటే తుంటి మీద రూపాయి బిళ్లంత పుండు కనబడింది. వేరేవాళ్లకైతే పుండు పడితే పక్కకు తిప్పి పడుకోబెడతాం. ఈ మనిషిని ఎక్కడ పెట్టాలి? పడుకోలేడు, నిలబడలేడు, కూర్చోవడం ఒక్కటే మిగిలింది, అదీ పోతోంది.

సోఫాలు బాగుచేసే అతను బండి మీద మైకు పెట్టుకుని వీధుల వెంట తిరుగుతాడు. పిలిచాను. కుర్చీని అటూ ఇటూ తిప్పి చూశాడు, కర్ర మీద వేలితో కొట్టి చూశాడు.

"కట్టె బంగారమక్కా. లోపలిదంతా పీకేసి మంచి స్పాంజి ఏస్తా, పైన రెగ్జిను కొడ్తా. గంట పని."

మా ఆయన బయట అరుగు మీద నుంచే, ఊపిరి కూడదీసుకుని మరీ, అరిచాడు.

"దూదూర్లో పుట్టి స్పాంజి మీద కూసోవాల్నా నేను? నడువు, నడువు!"

దీని గురించి బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. మా ఊళ్లో కూలివాడు కూడా దూది పరుపు మీదే పడుకుంటాడు. స్పాంజి వేడి, దూది చల్లన. ఇది మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, పాలతోపాటు వచ్చే మాట. పిల్లకు సెగ్గడ్డ లేస్తే "స్పాంజి మీద పడుకోబెట్టినావా?" అని అడుగుతారు. చుట్టూ పత్తి చేలు, ఊరి నిండా పత్తి బండ్లు, గాలిలో పత్తి. ఆ దూదే మనిషి ఛాతీలో చేరి చంపుతుందంటే మా చెవికి ఎక్కదు. దుమ్ము వేరు, దూది వేరు అనుకుంటాం. దుమ్ము మిషన్‌ది, దూది చేనుది.

నేను ఆ మాత్రం అనకపోలేదు. "ఒకపారి డాక్టరును అడుగుదామా?" అన్నాను.

"దుమ్ము సేసింది మిషన్ను మే. దూది ఏం సేసింది పాపం? ఇంత బెల్లం నోట్లో ఏసుకుంటే అదీ దిగిపోతాది."

బెల్లం మిల్లు వాళ్ల మందు. పని దిగేటప్పుడు మనిషికొక బెల్లం ముక్క పెట్టేవాళ్లు, గొంతులో చేరిన దూది కిందికి దిగిపోతుందని. ఆయన ముప్ఫై ఏళ్లు తిన్నాడు.

"అంత బెల్లం తింటివే, మరి దిగింది యాడికప్పా?" అన్నాను.

"తినకపోయింటే ఇంగా ముందే పోయింటా."

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. దానికి మించి నేను వాదించలేదు. వాదించలేదని ఊరికే చెప్పుకోవడం కూడా అబద్ధమే. నాకూ దూదే పెట్టాలని ఉండింది. నేను ఇంట్లో రవికలు కుడతాను. ఆ మనిషికి నా చేత్తో మెత్తటి చోటు ఒకటి చేసిపెట్టాలని ఉండింది. మందులు డాక్టరు ఇస్తాడు, గాలి దేవుడిస్తాడు, నేను ఇచ్చేది ఏముంది మరి?

గుడ్డ కోసం ఎమ్మిగనూరు పోయాను. అది నా పుట్టిల్లు. మా నాయన నేసేవాడు, తర్వాత మా అన్న. అన్న మగ్గం గుంటలో ఆ రోజు పాత పేపర్లు, ఒక సైకిలు చక్రం ఉన్నాయి. నేత ఎప్పుడు ఆపావని అడగబుద్ధి కాలేదు. పెట్టె తెరిచి అడుగు నుంచి ఒక గుడ్డ తీశాడు. నీలం, మెరూన్ గళ్లు, దుప్పటి కన్నా మందం.

"ఇది నా సేతి నేతే. గట్టిది. మనిషి కన్నా ఎక్కువ దినాలుంటాది" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. "బావకెట్లుండాది?" అన్నాడు తర్వాత.

"ఉండాడు" అన్నాను.

వదిన బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టింది. తినలేక సగం వదిలేశాను. అన్న బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

దూది విషయంలో ఆయన నన్ను ముప్పుతిప్పలు పెట్టాడు. దసరా పోయి కొత్త పత్తి దిగుతున్న రోజులు. నేను ఒక చిన్న మిల్లు నుంచి సంచి తెస్తే, ఆయన చిటికెడు తీసి రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగాడు. మళ్లీ దగ్గరికి చేర్చి మళ్లీ లాగాడు. వేళ్ల మధ్య మిగిలిన పోగుల్ని వెలుతురుకు పెట్టి చూసి మొహం చిట్లించాడు.

"ఇది దూదినా? పోగు ఇంతే ఉండాది. నెలకే ఉండలు కడతాది. వాపస్ ఇచ్చి రాపో."

పోయాను. రెండోసారి తెచ్చింది కూడా వెలుతురుకు పెట్టాడు. ఈసారి ఏమీ అనలేదు. ఆ చిటికెడు దూదిని చెంపకు ఆనించుకున్నాడు. ఆయన మొహంలో అంత ప్రాణం చూసి ఎన్నాళ్లయిందో. వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దాను.

కుర్చీని నేనే విప్పాను. మేకులు ఒక్కొక్కటే పట్టకారుతో పీకాను. పైన రెగ్జిను, దాని కింద గుడ్డ, దాని కింద పీచు, ఆ కింద గోనెపట్టా, స్ప్రింగులు, అన్నిటికీ అడుగున కుళ్లిపోయిన నవారు. నవారు కొత్తది తెచ్చి అడ్డంగా నిలువుగా అల్లాను. ఆయన అరుగు మీద స్టూలేసుకుని కూర్చుని "ఇంగా లాగు, ఇంగా లాగు, దానికి ప్రాణం లేదులే, ఏడ్వదు" అని నామీద అజమాయిషీ.

"ఏమప్పా ఓనరూ, జీతమేమన్నా ఇస్తావా, అరుపులేనా?" అన్నాను.

"పని సూసినాక సెప్తా" అన్నాడు.

స్ప్రింగులు పురికోసతో ఒకదానికొకటి కట్టాను. వాటి మీద కొత్త గోనెపట్టా పరిచి మేకులు కొట్టాను. ఇక దూది. మిల్లు దూది గడ్డలు గడ్డలుగా ఉంటుంది, దాన్ని చేత్తో విడదీసి ఏకాలి, అప్పుడే పొరలు పొరలుగా పరచడానికి వస్తుంది. ఆ పని నేను లోపల గదిలో చేసుకుంటానన్నాను. ఆయన వినలేదు.

"నీకు సేతకాదు. ఇటియ్యి."

తడిపిన తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. మిల్లులోనూ అంతే చేసేవాళ్లట. నోట్లో బెల్లం ముక్క. సంచి ఒళ్లో పెట్టుకుని రెండు రోజులు ఏకాడు. కాసేపు ఏకడం, కాసేపు రొప్పడం, మళ్లీ ఏకడం. వేళ్లు మాత్రం పాత అలవాటు కొద్దీ ఆడేవి. మధ్యమధ్య తువ్వాలు కిందికి లాగి ఏదో ఒక మిల్లు కబురు చెప్పేవాడు, ఎవరి పంచె బెల్టులో చిక్కుకుందో, ఎవరు దూది బేళ్ల మీద నిద్రపోయి ఓనరుకు దొరికారో. నేను నవ్వేదాన్ని. ఆపమని చెప్పాల్సింది నేను. నా కళ్ల ముందే కదా గాలిలో నూగు తేలుతోంది. నేను ఆపలేదు, ఎందుకంటే ఆ రెండు రోజులు మా ఇల్లు జబ్బు మనిషి ఇల్లులా లేదు. అంతకు మించి నా దగ్గర సాకు లేదు.

పొర మీద పొర పరిచి, దబ్బనంతో అడుగు దాకా కుట్లు వేసి, అన్న ఇచ్చిన గుడ్డ బిగించి కొట్టాను. మూలల్లో రవిక చంక కుట్టినట్టు మడత పెట్టాను, ముడత లేకుండా వచ్చింది. ఆయన్ని చెయ్యి పట్టి తెచ్చి కూర్చోబెట్టాను.

"ఎట్లుండాది?"

కళ్లు మూసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నవాడు దీపాలు పెట్టేవేళ దాకా కదల్లేదు. నోరు మూసుకుని, తల పక్కకు వాల్చి, పసిబిడ్డలా నిద్ర. చప్పుడవుతుందని నేను కుట్టుమిషను తొక్కడం మానేసి, ఎదురుగా నేల మీద కూర్చుని ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజు పుండు కూడా కొంచెం పక్కు కట్టింది. వీధిలో ఆడవాళ్లొచ్చి సీటును అరచేతులతో నొక్కి చూసి పోయారు. నా గర్వం చూడాలి. "సోఫా వాడేం సేస్తాడు, నా ముందర!" అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజు పొద్దున కిటికీలోంచి ఎండ సరిగ్గా కుర్చీ మీద పడింది. ఆయన కూర్చోగానే సీటు అణిగి, నేత సందుల్లోంచి సన్నటి నూగు లేచింది. ఎండలో ఆయన చుట్టూ తిరిగి తిరిగి, ఆయన మొహం దగ్గరే నిలబడింది. చూశాను. వీధి దుమ్ము అనుకుని కిటికీ మూశాను. ఇలాంటి తెలివి నాది.

ఆ రోజు మధ్యాహ్నానికే దగ్గు ఎక్కువైంది. సాయంత్రానికి పెదాలు నీలం తిరిగాయి. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగా అన్నీ అడిగింది. ఇంట్లో పొగ ఉందా, సున్నం కొట్టించారా, ఏదైనా కొత్త పని చేశారా అని. నేను కుర్చీ సంగతి చెప్పాను. దూది ఏకడం, పొరలు, అంతా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"అమ్మా, ఆయన జబ్బే దూది. డబ్బాలో విషం తీసి అన్నంలో కలిపినట్టు చేశారు కదమ్మా."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. చదువులేనిదాన్నయితే తెలియక చేశానని ఏడ్చేదాన్ని. పదో తరగతి పాసయ్యాను, ఎక్స్‌రే నా కళ్లతో చూశాను. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

ఆయన ఆసుపత్రిలో ఉండగానే ఇంటికొచ్చి, వేసిన కుట్లన్నీ కత్తెరతో తెంపేశాను. దూదంతా సంచుల్లో కుక్కి పరుపులు కుట్టేవాళ్లకు ఇచ్చేశాను. ఇల్లు రెండుసార్లు కడిగాను. సోఫా అతన్ని మళ్లీ పిలిచాను. గంటలో లోపలిదంతా పీకేసి, కింద చెక్క పలక పెట్టి, స్పాంజి వేసి రెగ్జిను కొట్టేశాడు. ఆ రోజు చెప్తే విన్నారా అని ఒక్క మాట అనలేదు, మంచివాడు. అని ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేదేమో.

ఆయన ఇంటికొచ్చాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చేత్తో సీటు అంచు తడిమాడు.

"తీసేసినావా?"

"తీసేసినా."

అంతే. స్పాంజి వేడో కాదో నాకిప్పుడు తెలియదు, ఆయనకు మాత్రం చెమటలు కారుతాయి. కూర్చున్న కాసేపటికి స్పాంజి అణిగి కింద చెక్క తగులుతుంది. స్పాంజి మార్పించాను, రెండోసారి మార్పించాను. గాలి ఊది కూర్చునే రింగు దిండు తెచ్చాను. అన్న ఇచ్చిన గుడ్డే ఉతికి పైన పరిచాను. దేనికీ లొంగలేదు. పది నిమిషాలు కన్నంటుకుంటే అరగంట మెలకువ. పుండు మళ్లీ విచ్చుకుంది, ఇప్పుడు రెండో వైపు కూడా. డాక్టరమ్మ మందు రాసింది, పూస్తున్నాను. మానదని పూసే చేతికి తెలుసు.

నెల కిందట ఒక మధ్యాహ్నం రవికకు హుక్సులు కుడుతుంటే పిలిచాడు.

"మళ్ల దూది పెట్టు మే."

వేళాకోళం అనుకున్నాను. "ఆ, పెడ్తా, ఇంత బెల్లం కూడా పెడ్తా" అన్నాను.

"నిజంగానే సెప్తాండా. పెట్టు."

తలెత్తి చూశాను. ఆయన నవ్వడం లేదు.

"నాకు తెల్సు మే" అన్నాడు. రెండు మాటలకొకసారి ఆగుతూ చెప్పాడు. "ఏకేటప్పుడే తెల్సె. మొదటి దినమే ఛాతీ పట్టేసె. ముప్ఫై ఏండ్లు దాంతో బతికినోన్ని, నాకు తెలీకుండా పోతాదా?"

"మరి ఏంటికి సెప్పకపోతివి?"

"సెప్తే తీసేస్తావు గదా. నిద్ర పట్టె మే. రెండేండ్లకు మూడు దినాలు నిద్ర పట్టె." కాసేపు గాలి పీల్చుకున్నాడు. "ఇట్లయితే ఇంగో ఏడాది ఉంటానేమో. అట్లయితే ఒక నెల. నాకు నెల సాలు."

నా చేతిలో రవిక, సూది, హుక్సుల డబ్బా అన్నీ విసిరికొట్టాను. వీధంతా వినబడేలా అరిచాను.

"నీకు సాలు! మూడు దినాల నిద్ర కోసం సస్తావా? నీకు నెల సాలు, మరి నాకు? నాకెన్ని దినాలు సాలో అడిగినావా ఎప్పుడన్నా?"

నేను నేల మీద వంగి హుక్సులు ఒక్కొక్కటే ఏరుకున్నాను. ఏరుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఈయన కోసమే దూది పెట్టనంటున్నానా? నిద్ర లేకుండా, పుండ్లతో, రొప్పుతూ ఉన్నా సరే, ఇంట్లో ఆ కుర్చీలో మనిషి ఉండాలి నాకు. అదే నిజం. ఆయన మేలు అందులో ఎక్కడా లేదు. నేనొక్కదాన్నే ఉండలేను, అందుకని ఆయన్ని మెలకువగా కూర్చోబెడుతున్నాను. పాపిష్ఠిదాన్ని అని నన్ను నేను తిట్టుకున్నాను, తిట్టుకున్నా నా మనసు మారలేదు.

హుక్సులన్నీ డబ్బాలో వేసి లేచేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. కోపం లేదు ఆ చూపులో.

"సర్లే" అన్నాడు. "నీ కోసం కూసుంటాలే."

ఆ తర్వాత దూది మాట ఎత్తలేదు. కూర్చునే ఉన్నాడు.